32 బాక్సు ఏడాదిలో మూడోది పోయింది. గట్టిది ఎక్కడ దొరుకుతుంది?

పదిటైర్లు (నెల్లూరు) – ఆదివారం రాత్రి 9.12

అన్నలకు నమస్కారం. నాది పది టైర్ల టిప్పర్. కృష్ణపట్నం పోర్టు చుట్టుపక్కల ఏ లోడు దొరికితే అది తోలుతుంటాను. మొన్న వెంకటాచలం టోల్ దాటాక వెనక జంట టైర్లలో లోపలిది పంక్చరైంది. 32 బాక్సు (నట్టు తలకి తొడిగి తిప్పే గొట్టం లాంటి పానా, 32 మిల్లీ సైజు) పెట్టి, రాడ్డుకు ఆరడుగుల పైపు తొడిగి, నేనూ క్లీనరూ ఇద్దరం ఎక్కి తొక్కాం. టప్‌మని ఒక్కటే శబ్దం. నట్టు వెంట్రుక వాసి కూడా కదల్లేదు. బాక్సు మాత్రం మూతి దగ్గర్నుంచి అడుగు దాకా నిలువునా చీలిపోయింది. క్లీనర్ కుర్రోడు పోయి కంపచెట్లలో పడ్డాడు. మోచెయ్యి గీసుకుపోయింది, అంతకు మించి ఏం కాలేదు, దేవుడి దయ.

ఇది ఏడాదిలో మూడోది. మొదటి దానికి లోపల మూలలు అరిగిపోయి నట్టు మీద గిర్రున తిరగడం మొదలైంది. రెండోది రాడ్డు దూరే చదరపు బొక్క దగ్గర పగిలింది. ఇప్పుడు ఇది. మూడూ మూడు షాపుల్లో కొన్నాను. ప్రతివాడూ "ఇది పగలదు సార్, రాసిస్తా" అన్నవాడే. స్టోన్‌హౌస్‌పేట, ట్రంక్ రోడ్డు అన్నీ తిరిగాను. అసలు గట్టి బాక్సు అనేది ఉందా? ఉంటే పేరు చెప్పండి, డబ్బులు ఎక్కువైనా పరవాలేదు.

మొలగొలుకులు – ఆదివారం రాత్రి 9.30

బ్రదర్, ఆన్‌లైన్‌లో నలభై ముక్కల సెట్టు వస్తోంది, ప్లాస్టిక్ పెట్టెతో సహా. నేను తెప్పించాను, అద్దంలా మెరుస్తోంది. ఒక్క బాక్సు కొనే బదులు సెట్టు తీసుకుంటే జన్మంతా పనికొస్తుంది.

నల్లరాయి_చీమకుర్తి – ఆదివారం రాత్రి 9.41

మెరిసేది గోడకి తగిలించుకోవడానికి బాగుంటుంది. పది టైర్ల బండి చక్రం నట్టుకి ఆ నలభై ముక్కల పెట్టెలో పనికొచ్చేది ఆ ప్లాస్టిక్ పెట్టె ఒక్కటే, కూర్చోవడానికి.

తమ్ముడూ పదిటైర్లు, ముందు ఈ మూడు విషయాలు చెప్పు. బాక్సులో దూరే నీ రాడ్డు కొస చదరం ఎంత, అర ఇంచా, ముప్పావా, ఒక ఇంచా? పంక్చర్ షాపులో గన్‌తో (నట్లు తిప్పే మిషన్) బిగిస్తారా? పగిలిన బాక్సుల మీద ఏమని అచ్చు ఉంది?

లేతు_బాబాయ్ (ఒంగోలు) – ఆదివారం రాత్రి 10.05

పగిలిన ముక్కలు పారేశావా అబ్బాయ్? పారేయకపోతే మూడూ ఫొటోలు పెట్టు. పగులు లోపలి ముఖం కనపడాలి, పైభాగం కాదు. వెలుతురులో తియ్యి. ఏ కంపెనీది కొనాలో తర్వాత మాట్లాడుకుందాం, ముందు అవి ఎట్లా చచ్చాయో చూద్దాం.

పదిటైర్లు – సోమవారం ఉదయం 6.50

నల్లరాయి అన్నా, నాది ముప్పావు ఇంచి చదరం. రాడ్డుకీ బాక్సులకీ అదే. పంక్చర్ షాపు వాళ్ళది ఒక ఇంచి గన్. నా బాక్సే తీసుకుని మధ్యలో అడాప్టర్ వేసి కొడతారు. అచ్చు 'క్రోమ్ వనాడియం' అని ఉంది. మొదటి దాని మీద ఏమీ లేదు, సైజు తప్ప.

బాబాయ్, రెండోదీ మూడోదీ ఉన్నాయి, మొదటిది పాత ఇనుము వాడికి వేశా. ఫొటోలు పెట్టాను చూడండి.

లేతు_బాబాయ్ – సోమవారం ఉదయం 8.20

చూశాను. రెండో బాక్సు ఫొటో పెద్దది చేసి అందరూ చూడండి.

పగులు ముఖంలో సగం ముదురు గోధుమ రంగులో, కాఫీ మరక పడ్డట్టు ఉంది. మిగతా సగం బూడిద రంగులో, పంచదార పలుకుల్లా తళతళలాడుతోంది. ఆ తుప్పు పట్టిన సగం అది విరిగిన రోజు పగిలింది కాదు. ఎప్పుడో చిన్న బీట పడి, దాంట్లోకి తేమ పోయి తుప్పు పట్టింది. నువ్వు చూసుకోలేదు. పండు మీద మచ్చ పడితే లోపల కుళ్ళు మొదలైనట్టే, దాని పని అప్పుడే అయిపోయింది. అది విరిగిన రోజు మిగతా సగం తెగింది, అంతే.

ఆ బీట ఎక్కడ మొదలైంది? చదరపు బొక్క మూలలో. మూల సూదిగా ఉన్న చోటే బలమంతా పోగుపడుతుంది. అక్కడ గన్ దెబ్బలు పడ్డాయి. ఇది గన్ చేసిన చావు.

మూడోది వేరే. దాంట్లో తుప్పు మరక లేదు, మొత్తం కొత్త పగులే. ఒక్క దెబ్బకి చీలింది. అది పైపు చేసిన చావు. మొదటి దాన్ని నేను చూడలేదు కానీ మూలలు అరిగాయంటే సైజు తేడా అయి ఉండాలి. నట్టు కొలిచావా ఎప్పుడైనా?

కావలి_కుర్రోడు – సోమవారం ఉదయం 8.44

బాబాయ్, నాకో అనుమానం. గట్టి స్టీలు అయితే పగలకూడదు కదా? ఎంత గట్టిదైతే అంత మంచిది కాదా?

లేతు_బాబాయ్ – సోమవారం ఉదయం 9.15

మంచి ప్రశ్న. ఇక్కడే అందరూ పడతారు. కాల్చిన కుండ పచ్చి కుండ కంటే గట్టిది. కింద పడేస్తే ఏమవుతుంది? మా నాన్న రోజుల్లో ఎడ్లబండి చక్రానికి తుమ్మ చెక్క వాడేవాళ్ళు. దానికంటే గట్టి చెక్కలు లేక కాదు, తుమ్మ దెబ్బకి ఓర్చుకుంటుందని. గట్టిదనం వేరు, ఓర్పు వేరు.

మెరిసే బాక్సులు చేతి పనికి చేసినవి. ఇరుకు చోట దూరాలి కాబట్టి గోడ పల్చగా ఉంటుంది. పల్చటి గోడకి బలం రావాలని కాల్చి బాగా గట్టిపరిచి, పైన క్రోమ్ పూత వేస్తారు. మెల్లగా పెరిగే బలాన్ని అవి బాగానే మోస్తాయి. గన్ అలా లాగదు, లోపల సుత్తి తిరుగుతూ దెబ్బ మీద దెబ్బ కొడుతుంది. ఆ దెబ్బకి గట్టి స్టీలు బీటలు వారుతుంది. ఒక్కోసారి ముక్కలై ఎగురుతుంది. మా షాపు పక్కన ఒకాయనకి కనుబొమ్మ మీద ఆరు కుట్లు పడ్డాయి, కన్ను అదృష్టవశాత్తూ దక్కింది.

గన్ కోసం చేసినవాటిని ఇంపాక్ట్ బాక్సులు అంటారు. క్రోమ్ మాలీ ఉక్కు, అంటే క్రోమియంతో పాటు మాలిబ్డినం కలిపింది. గోడ మందంగా ఉంటుంది, గట్టిదనం ఒక మెట్టు తగ్గించి ఓర్పు పెంచుతారు. క్రోమ్ పూత ఉండదు, నల్లగా ఉంటాయి. వెనక చదరం పక్కన అడ్డంగా ఒక బొక్క, చుట్టూ ఒక గాడి ఉంటుంది. ఆ బొక్కలో పిన్ను పెట్టి, గాడిలో రబ్బరు రింగు వెయ్యాలి. ఆ రెండూ లేకపోతే గన్ తిరుగుతున్నప్పుడు బాక్సు ఊడి వచ్చి ఎవడి మొహానికో తగులుతుంది. మన వైపు నూటికి తొంభై షాపుల్లో ఆ పిన్ను స్థానంలో వంచిన మేకు ఉంటుంది, చూసే ఉంటారు.

పదిటైర్లు – సోమవారం మధ్యాహ్నం 1.30

మేకు కూడా లేదు బాబాయ్, సైకిల్ ట్యూబు ముక్క కట్టారు.

నల్లరాయి_చీమకుర్తి – సోమవారం మధ్యాహ్నం 2.10

నవ్వు ఆగడం లేదు. సరే, పైపు లెక్క నేను చెబుతా. క్వారీలో పొక్లెయిన్ ట్రాక్ బోల్టులు విప్పేవాళ్ళం కాబట్టి ఈ లెక్క మాకు రోజూ కావాలి.

నీ బరువు ఎంత? ఎనభై అనుకో. క్లీనర్ యాభై ఐదు. ఇద్దరూ కలిసి 135 కిలోలు. ఆరడుగుల పైపు అంటే దాదాపు 1.8 మీటర్లు. 135ని 1.8తో హెచ్చిస్తే 243 కిలోగ్రామ్-మీటర్లు (మెలితిప్పే బలం కొలత, దూరం కాదు), న్యూటన్ మీటర్ల లెక్కలో 2,400కి దగ్గర. ఊరికే నిలబడితేనే ఇంత. ఎగిరి తొక్కితే ఇంకా ఎక్కువ. చక్రం నట్టుకి కంపెనీ చెప్పే బిగింపు చాలా పెద్ద బండ్లలో 600 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, నీ బండి పుస్తకంలో చూసుకో. అంటే నాలుగు రెట్లు పెట్టినా నట్టు కదల్లేదంటే తప్పు బాక్సుది ఒక్కదానిదే కాదు. నట్టు అంతగా ఎందుకు పట్టేసింది?

రెండో సంగతి. చదరం అర ఇంచి నుంచి ముప్పావుకి పెరిగితే బలం ఒకటిన్నర రెట్లు పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. మెలితిప్పే బలం మందానికి ఘనంలో పెరుగుతుంది. అరకీ ముప్పావుకీ మూడు రెట్ల పైన తేడా. అరకీ ఒక ఇంచికీ ఎనిమిది రెట్లు. ముప్పావుకీ ఒక ఇంచికీ రెండు రెట్ల పైనే. నువ్వు చేసే పనికి ముప్పావు చాలదు తమ్ముడూ. ఒక ఇంచి చదరం తీసుకో. అప్పుడు గన్‌కి అడాప్టర్ అవసరం కూడా ఉండదు. ఆ అడాప్టర్ ఎప్పుడూ మధ్యలో బలహీనుడే.

మొలగొలుకులు – సోమవారం మధ్యాహ్నం 2.35

పగిలిన దానికి వెల్డింగ్ పెట్టిస్తే సరిపోదా? చుట్టూ ఒక రింగు వేసి?

లేతు_బాబాయ్ – సోమవారం మధ్యాహ్నం 2.50

వద్దు. టెంపర్ చేసిన (కాల్చి గట్టిపరిచి, మళ్ళీ వేడిచేసి ఓర్పు తెప్పించిన) స్టీలుకి వెల్డింగ్ పెడితే కుట్టు పక్కన మెత్తబడే చోటు మెత్తబడుతుంది, గాజులా పెళుసయ్యే చోటు పెళుసవుతుంది. ఈసారి ఆ పక్కనే పగులుతుంది. వెల్డింగ్ వాడికి డబ్బులు, నీకు కట్లు.

ఉలవపాడు_మామిడి – సోమవారం సాయంత్రం 5.20

మరి మీరే లేతు మీద చేసి ఇవ్వొచ్చు కదా బాబాయ్? మా ఊళ్ళో ఒకాయన ట్రాక్టర్ యాక్సిల్ ముక్కతో చేసిచ్చాడు, పదేళ్ళయింది, ఇంకా వాడుతున్నాం.

లేతు_బాబాయ్ – సోమవారం రాత్రి 8.00

చేస్తాను. కానీ బజార్లో దొరికే సైజులకి చెయ్యను. చీమకుర్తి క్వారీల వాళ్ళకి 55, 60 లాంటి పెద్దవి అడిగితే ఈఎన్ 24 రకం ఉక్కు కడ్డీ తెప్పించి చేస్తాను. దాంట్లో నికెల్, క్రోమియం, మాలిబ్డినం మూడూ ఉంటాయి. మామూలు ఈఎన్ 8 రకం ఉక్కుతో చేసినవాడు నిన్ను మోసం చేసినట్టు కాదు, కానీ దాని పని చిన్నది.

కష్టం ఎక్కడంటే ఆరు మూలల బొక్క, వెనక చదరం. స్లాటింగ్ మిషన్ మీద ఒక్కో ముఖం గీకాలి. మూలలు మరీ సూదిగా వదిలితే అక్కడే బీట పడుతుంది, కొద్దిగా గుండ్రం ఉంచాలి. తర్వాత ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, మళ్ళీ వేడిచేసి టెంపర్ చెయ్యాలి. ఆ రెండో వేడి చాలామంది చెయ్యరు. నూనెలో ముంచి "అయిపోయింది తీస్కో" అంటారు. అది కాల్చిన కుండే. అచ్చులో కొట్టి చేసిన కంపెనీ బాక్సు మంచిది 32 సైజులో దొరుకుతుంటే నా దగ్గరికి రావడం దండగ, నాకు గిరాకీ పోయినా సరే.

మీ యాక్సిల్ బాక్సు సంగతి: యాక్సిల్‌కి వాడేది మంచి ఉక్కే. ఆయన చేతివాటం తెలిసినవాడు. అందరూ అట్లా ఉండరు.

రొయ్యలగుంట (విడవలూరు) – సోమవారం రాత్రి 8.40

మా రొయ్యల చెరువుల దగ్గర ఏరియేటర్ (నీళ్ళకి గాలి పట్టించే మిషన్) బోల్టులది ఇదే గోల, సైజులు చిన్నవి అంతే. ఉప్పు గాలికి నెలకే తుప్పు. ఒక మాట: ఆ నల్ల బాక్సులు కొనే ముందు ఒకటి తెలుసుకోండి, వాటికి తుప్పు తొందరగా వస్తుంది. క్రోమ్ పూత ఉన్నది సముద్రం పక్కన రెండేళ్ళు మెరుస్తుంది, నల్లది వారంలో ఎర్రబడుతుంది. పని అయ్యాక నూనె గుడ్డతో తుడిచి, అదే గుడ్డలో చుట్టి పెట్టాలి. అయితే క్రోమ్ పూత లేచిపోతే మాత్రం వెంటనే పారేయండి. ఆ పెచ్చు బ్లేడు లాంటిది. నా బొటనవేలు దాంతోనే తెగింది.

పదిటైర్లు – సోమవారం రాత్రి 9.05

థాంక్స్ సార్, నూనె గుడ్డ సంగతి నాకు తట్టలేదు.

రొయ్యలగుంట – సోమవారం రాత్రి 9.07

సార్ కాదు తమ్ముడూ, అక్కని. పర్లేదు, ఈ గ్రూపులో అందరూ సారే అంటారు.

పదిటైర్లు – సోమవారం రాత్రి 9.08

అయ్యో, తప్పైపోయింది అక్కా.

ఉలవపాడు_మామిడి – మంగళవారం ఉదయం 7.15

సైజు తేడా గురించి బాబాయ్ అడిగారు, నేనూ ఒకటి చెబుతా. మా పాత ట్రాక్టర్లో కొన్ని బోల్టులు ఇంచీల్లో ఉంటాయి. ముప్పావు ఇంచి అంటే 19.05 మిల్లీ, దానికి 19 బాక్సు సరిగ్గా పడుతుంది. 15/16 అంటే 23.8, దానికి 24 పర్లేదు. కానీ 9/16కి 14 దూరదు, 15 వేస్తే లొడలొడ. అర ఇంచి తలకాయకి 13 వేస్తే పైకి సరిపోయినట్టే ఉంటుంది, గట్టిగా లాగితే మూలలు పోతాయి. లొడలొడలాడే బాక్సు ముఖం మీద ఆనదు, మూల మీద ఆనుతుంది. రెండు లాగుళ్ళకి నట్టు గుండ్రం, బాక్సు గుండ్రం.

పన్నెండు మూలల బాక్సు కూడా పెద్ద పనికి వద్దు. ఆరు మూలలదే కొనండి.

పదిటైర్లు – మంగళవారం ఉదయం 10.25

కొలిచాను. నట్టు 31.8 ఉంది, అంటే 32. ఇప్పుడు సిగ్గుపడే విషయం చెప్పాలి. మొదటి బాక్సు 33. షాపు వాడు "32 అయిపోయింది, 33 తీస్కో, మట్టి పట్టినా సులువుగా ఎక్కుతుంది" అన్నాడు. నేనూ బాగానే ఉంది అనుకున్నా. ఆరు నెలలు దాంతోనే లాగాను. ఇప్పుడు చూస్తే రెండు నట్లకి మూలలు గుండ్రం అయిపోయాయి.

నల్లరాయి_చీమకుర్తి – మంగళవారం ఉదయం 10.40

హమ్మయ్య, దొరికింది. మన లారీల్లో 32, 33 రెండూ ఉంటాయి, అక్కడే అందరూ బోల్తా పడతారు. ఆ రెండు నట్లు ముందు మార్చెయ్, కొత్త బాక్సుని కూడా చెడగొడతాయి. వాటిని విప్పడానికి లోపల మెలిక పళ్ళు ఉన్న బాక్సులు వస్తాయి, సుత్తితో కొట్టి ఎక్కిస్తే నట్టుని కరుచుకుంటాయి. అవి విప్పడానికే, బిగించడానికి కాదు.

మొలగొలుకులు – మంగళవారం ఉదయం 11.05

గ్యాస్ పెట్టి నట్టు ఎర్రగా కాల్చితే వెన్నలా వస్తుంది. యూట్యూబ్‌లో చూశా.

నల్లరాయి_చీమకుర్తి – మంగళవారం ఉదయం 11.09

టైరు మీద ఉండగా డిస్కుకి గ్యాస్ మంట పెట్టొద్దు. ఎవరూ పెట్టొద్దు. పెద్ద అక్షరాల్లో రాసే వీలుంటే రాసేవాణ్ణి. లోపలి రబ్బరు వేడికి కుళ్ళి మండే వాయువు తయారవుతుంది, టైరు బాంబులా పేలుతుంది. మంట తీసేశాక కాసేపటికి కూడా పేలొచ్చు. తప్పదంటే టైరు విప్పి దూరం పెట్టాక మాత్రమే. కానీ విప్పడానికే కదా మంట, కాబట్టి ఆ దారి లేదు.

మాట కాస్త గట్టిగా వచ్చినట్టుంది మొలగొలుకులు గారూ, ఏమనుకోకండి. ఇది సరదా విషయం కాదు.

మొలగొలుకులు – మంగళవారం మధ్యాహ్నం 12.30

అనుకోలేదు సార్. నాకు తెలియదు. ఆ వీడియో లింకు మా తమ్ముడికి పంపించాను, ఇప్పుడే ఫోన్ చేసి వద్దని చెప్పా.

రొయ్యలగుంట – మంగళవారం మధ్యాహ్నం 12.45

మేం చేసేది చెబుతా, ఖర్చు లేనిది. ముందు వైరు బ్రష్‌తో బయటికొచ్చిన మర మీద మట్టి, తుప్పు పోయేదాకా రుద్దాలి. తర్వాత తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా వదిలెయ్యాలి. పొద్దున సుత్తితో నట్టు చుట్టూ నాలుగు చిన్న దెబ్బలు. ముందు కొద్దిగా బిగించే వైపు కదిపి, అప్పుడు విప్పే వైపు లాగాలి. మనోళ్ళు నూనె కొట్టిన నిమిషానికే పైపు ఎక్కుతారు.

సెంట్రల్_టు_గూడూరు – మంగళవారం రాత్రి 10.15

ఆలస్యంగా చూశాను. నేను చెన్నైలో టూల్స్ షాపులో పని చేస్తా, ఊరు గూడూరు. ఎక్కడ దొరుకుతుంది అన్నదానికి జవాబు నేను ఇస్తా.

బ్రాడ్‌వే వెనక సెంబుదాస్ వీధి, ఆ చుట్టుపక్కల సందుల్లో దొరుకుతాయి. పొద్దున పినాకిని రైల్లో వచ్చి రాత్రికి ఇంటికి పోవచ్చు. జపాన్ కోకెన్, తైవాన్ కింగ్ టోనీ వాటిలో ఒక ఇంచి ఇంపాక్ట్ బాక్సులు విడివిడిగా దొరుకుతాయి. మన దేశంలోవి కావాలంటే గ్రోజ్ అడగండి. టపారియా చేతి బాక్సులు నేను ఇంట్లో కూడా వాడతా, మంచివి. కానీ ఏ కంపెనీదైనా మెరిసేది గన్‌కి పెట్టొద్దు, కంపెనీ గొప్పదని మినహాయింపు లేదు.

సెట్టు కొనకండి. మీ బండికి పనికొచ్చే సైజులు రెండో మూడో ఉంటాయి. సెట్టు డబ్బుతో అవే మేలు రకం కొనుక్కోవచ్చు. మిగతావి పెట్టెలో తుప్పు పట్టడానికే.

కొనేటప్పుడు ఏం చూడాలంటే, 'క్రోమ్ మాలీ' అన్న అచ్చు లోతుగా కొట్టి ఉండాలి. అచ్చు ఉన్నంత మాత్రాన నమ్మొద్దు, అది ఎవడైనా కొడతాడు. చేతిలో పెట్టుకుంటే బరువు తెలియాలి. మూతి వైపు నుంచి చూస్తే గోడ మందం చుట్టూ ఒకేలా ఉండాలి, ఒక పక్క మందం ఒక పక్క పల్చన ఉంటే వదిలెయ్యండి. వెర్నియర్ (మిల్లీల్లో కొలిచే పనిముట్టు) పట్టుకురండి. 32 అని రాసిన దాంట్లో ముఖానికీ ముఖానికీ మధ్య 32 దాటి అర మిల్లీ లోపే ఉండాలి. అన్నిటికంటే మేలు, మీ పాత నట్టు ఒకటి జేబులో వేసుకుని రండి. పెట్టి ఆడించి చూడండి. షాపు వాడు విసుక్కుంటే పక్క షాపుకి పోండి. నేనూ విసుక్కుంటా కానీ చూపిస్తా.

ఇంకొకటి, స్టడ్డు (నట్టు ఎక్కే మర కడ్డీ) నట్టు బయటికి ఎంత వచ్చిందో కొలుచుకోండి. ఎక్కువ వచ్చి ఉంటే పొట్టి బాక్సు లోపల స్టడ్డు తగిలి నట్టు మీద పూర్తిగా దిగదు, చివర రెండు మిల్లీల మీదే బలం పడుతుంది. అప్పుడు లోతు బాక్సు కావాలి.

కావలి_కుర్రోడు – మంగళవారం రాత్రి 10.31

చెన్నై పుదుపేట పాత సామాన్ల బజార్లో పాత జపాన్ బాక్సులు చవగ్గా వస్తాయంటారు?

సెంట్రల్_టు_గూడూరు – మంగళవారం రాత్రి 10.40

వస్తాయి. లోపల బీట ఉందో లేదో నీకెలా తెలుస్తుంది? బాబాయ్ చూపించిన కాఫీ మరక గుర్తు తెచ్చుకో. పాత పానాలు కొను, పాత ఇంపాక్ట్ బాక్సు కొనకు.

ఉలవపాడు_మామిడి – బుధవారం ఉదయం 6.30

ఎవరూ ఎత్తలేదు, గేరు పెట్టె లాంటి పానా ఒకటి వస్తుంది కదా, లేబర్ సేవింగ్ రెంచ్ అంటారు. హ్యాండిల్ తిప్పితే నట్టు దానంతటదే వస్తుంది. ఒంటరిగా ఉన్న డ్రైవరుకి అది మేలు కాదా?

నల్లరాయి_చీమకుర్తి – బుధవారం ఉదయం 7.10

మేలే. మా దగ్గర ఉంది. ఎక్కువగా వచ్చేది 1:58 నిష్పత్తి, అంటే హ్యాండిల్ 58 సార్లు తిప్పితే నట్టు ఒక్క చుట్టు. ఒక ఇంచి చదరం, 32, 33 బాక్సులు రెండూ పెట్టెలోనే వస్తాయి. (తమ్ముడి 33 కథ చాలామందికి ఆ పెట్టెతోనే మొదలవుతుంది.) దాని కాలు పక్క నట్టు మీద గట్టిగా ఆనాలి, జారితే చెయ్యి నలుగుతుంది. నట్టు పట్టు వదిలేదాకా దాంతో తిప్పి, తర్వాత మామూలు రాడ్డుతో విప్పుకోవాలి. దాంతో బిగించొద్దు. ఎంత బలం పడుతోందో చేతికి తెలియదు, చిన్నపిల్లాడు కూడా స్టడ్డు తెంపేస్తాడు.

ఇక నా మొదటి ప్రశ్న అలాగే ఉంది. నట్టు అంతగా పట్టేసింది ఎందుకు? నా అనుమానం పంక్చర్ షాపు గన్ మీద. బిగించేటప్పుడు ట్రిగ్గర్ వదలకుండా డగడగడగ కొడుతూనే ఉంటారు. గన్‌కి ఎంత బిగించిందో తెలియదు. ఆ బిగింపుని రోడ్డు మీద నువ్వు పైపుతో విప్పాలి. అంటే నీ బాక్సుని గన్ ఒకసారి, గన్ బిగించిన నట్టు ఇంకోసారి చంపుతున్నాయి.

పదిటైర్లు – పది రోజుల తర్వాత, శనివారం రాత్రి 8.50

అన్నలూ అక్కా, పని అయింది, వివరం రాస్తున్నా.

చెన్నై పోయాను. నట్టు జేబులో, వెర్నియర్ సంచిలో. రెండు షాపుల్లో మొహం చిట్లించారు, మూడో షాపాయన తనే నాలుగు బాక్సులు వరసగా పెట్టి చూసుకోమన్నాడు. ఒకదాంట్లో నట్టు వేసి ఆడిస్తే గంటలా మోగింది. రెండోది కాస్త మేలు. మూడోది చప్పుడు లేకుండా దిగింది, తిప్పితే అటూ ఇటూ గోరు మందం కూడా ఆడలేదు. అదే తీసుకున్నా. ఒక ఇంచి చదరం, లోతు రకం, ఆరు మూలలు, నల్లది. పిన్నులు నాలుగు, రింగులు నాలుగు అదనంగా తెచ్చుకున్నా. ఒక ఇంచి రాడ్డు కూడా తెచ్చా, పాతది అమ్మేశా. పైపు మీటరుకి కోయించాను. పొడవుంటే చేతులు ఊరుకోవని తెలుసు కాబట్టి.

గుండ్రమైన రెండు నట్లు మెలిక బాక్సుతో వచ్చాయి. ఒకదానికి స్టడ్డు మర కూడా పోయి ఉంది, రెండూ మార్పించాను.

తర్వాత పంక్చర్ షాపు. ఇది కష్టమైన భాగం. నేను నిలబడి "అన్నా, గన్‌తో ఆనేదాకానే తిప్పు, మిగతాది నేను బిగించుకుంటా" అన్నా. ఆయన "ముప్పై ఏళ్ళ నుంచి చేస్తున్నా, నువ్వు నాకు నేర్పిస్తావా" అన్నాడు. టీ తాగించాను. చివరికి ఒప్పుకున్నాడు, మనసులో తిట్టుకునే ఉంటాడు. తెలిసినవాళ్ళ దగ్గర టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చెప్పే పానా) తెచ్చి ఎదురెదురు నట్లు చొప్పున బండి పుస్తకంలో ఉన్నంత బిగించాను. ఎనభై కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ చూస్తే రెండు నట్లు కొద్దిగా కదిలాయి, సరిచేశా.

నిన్న గూడూరు దగ్గర మళ్ళీ పంక్చర్. మీటరు పైపు, నేనొక్కణ్ణే. కిర్రుమని ఒక్క మూలుగు, పది నట్లూ వచ్చేశాయి. క్లీనర్ కుర్రోడు ముందు జాగ్రత్తగా కంపచెట్లకి దూరంగా నిలబడ్డాడు.

లేతు_బాబాయ్ – శనివారం రాత్రి 9.20

శభాష్. నూనె గుడ్డలో చుట్టావా? వారానికోసారి చదరపు మూలల్లో గోరు పెట్టి రాసి చూడు, బీట ఉంటే గోటికి తెలుస్తుంది. ఇంకో మాట. మంచి బాక్సు పగలదు, పోతుంది. ఎవడికీ ఇవ్వకు.

కావలి_కుర్రోడు – శనివారం రాత్రి 9.34

నా కారు అల్లాయ్ వీల్స్‌కి 21 ఇంపాక్ట్ బాక్సు గోడ మందం వల్ల దూరడం లేదు, ఏం చెయ్యాలి?

సెంట్రల్_టు_గూడూరు – శనివారం రాత్రి 9.50

పల్చ గోడ ఇంపాక్ట్ బాక్సు అని అడుగు, పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది, అల్లాయ్‌కి గీతలు పడవు. మిగతాది కొత్త టాపిక్ పెట్టి అడుగు తమ్ముడూ, ఇది లారీల సంత.

పదిటైర్లు – మంగళవారం రాత్రి 7.40

బాబాయ్, మీ మాట వినలేదు. నిన్న పోర్టు దగ్గర పక్క బండి డ్రైవరు "పది నిమిషాల్లో ఇస్తా" అని అడిగాడు. తెలిసినవాడే కదా అని ఇచ్చాను. బాక్సు మీద తెల్ల పెయింటుతో నా బండి నంబరు కూడా రాసి ఉంది.

నల్లరాయి_చీమకుర్తి – మంగళవారం రాత్రి 7.44

ఫోన్ చెయ్.

పదిటైర్లు – మంగళవారం రాత్రి 7.46

చేశా అన్నా. లోడెత్తుకుని విశాఖ పోతున్నాడంట. నాలుగు రోజుల్లో వస్తానన్నాడు.

లేతు_బాబాయ్ – మంగళవారం రాత్రి 7.58

పినాకినికి ఇంకో టికెట్ తీస్కో అబ్బాయ్.